వెలుతురులో ఎంచిన ముక్కలు

చీర కొనడానికి వెళ్తే మా అమ్మ కొట్టులో దీపాల కింద ఎన్నడూ ఖాయం చేసేది కాదు. చీరను గడప దాటించి ఎండలోకి తెచ్చి, కొంగు చాపి, అటూ ఇటూ తిప్పి చూశాకే బేరం మొదలుపెట్టేది. రంగు సంగతి ఎండలోనే తేలుతుందని ఆమె నమ్మకం. క్లారా డ్రిస్కాల్ పని గురించి ఎప్పుడు చదివినా నాకు ఆ గడపే గుర్తొస్తుంది. న్యూయార్క్‌లోని టిఫనీ కార్ఖానాలో క్లారా, ఆమె చేతికింది అమ్మాయిలు చేసిందీ అదే. ఒక్కో గాజు పలకనూ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఇందులో పూరేకు ఎక్కడుంది, ఆకు ఎక్కడుంది అని వెతికేవాళ్లు.

టిఫనీ దీపం చాలామంది బొమ్మల్లోనైనా చూసే ఉంటారు. కంచు కాండం, దాని మీద రంగురంగుల గాజు గొడుగు. ఆ పేరు లూయీ కంఫర్ట్ టిఫనీది. ప్రసిద్ధ నగల వ్యాపారి కొడుకు, స్వతహాగా చిత్రకారుడు. దీపాల రూపకల్పన కూడా ఆయనదేనని ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. క్లారా తన తల్లికీ తోబుట్టువులకూ రాసిన ఉత్తరాలు పరిశోధకుల కంటపడ్డాక ఆ లెక్క మారింది. తూనీగల దీపం, విస్టేరియా దీపం వంటి ఎంతో పేరున్న డిజైన్లు ఆమెవి. 2007లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ పెట్టిన ప్రదర్శనతో ఈ సంగతి లోకానికి తెలిసింది. అప్పటికి ఆమె పోయి అరవై ఏళ్లు దాటింది.

క్లారా 1861లో ఒహాయో రాష్ట్రంలోని టాల్‌మడ్జ్ అనే ఊళ్లో పుట్టింది. పన్నెండో ఏట తండ్రి పోయాడు. క్లీవ్‌లాండ్‌లో ఆడపిల్లల డిజైన్ పాఠశాలలో చదివి, న్యూయార్క్ చేరి, 1888 ప్రాంతంలో టిఫనీ దగ్గర పనికి కుదిరింది. పెళ్లయిన ఆడవాళ్లను ఆ కంపెనీ పనిలో ఉంచుకునేది కాదు. అందుకే 1889లో పెళ్లి చేసుకుని మానేసింది, 1892లో భర్త పోయాక తిరిగి వచ్చింది. మరోసారి పెళ్లి కుదిరి మళ్లీ మానేస్తే ఆ పెళ్లికొడుకు కనిపించకుండా పోయాడు. మళ్లీ అదే బల్ల దగ్గరికి వచ్చింది.

ఇక ఆ బల్ల మీద జరిగిన పని చూద్దాం.

ఐరోపాలో పాత చర్చి కిటికీల పద్ధతి వేరు. రంగు గాజు మీద నల్లటి పూతతో ముఖాలూ మడతలూ గీసి, కొలిమిలో కాల్చి, మందపాటి సీసపు పట్టీల్లో బిగించేవారు. 1880 నాటికి అమెరికాలో జాన్ లాఫార్జ్, టిఫనీ మరో దారి పట్టారు. రంగును గాజు మీద పూయకుండా గాజులోనే పుట్టించారు. పాలు కలిసినట్టు మసకగా మెరిసే గాజు, రెండు మూడు రంగులు చారలుగా కలిసిపోయిన గాజు, వేడిగా ఉండగానే పట్టకార్లతో ముడతలు లాగిన గాజు, సన్నని గాజు పెంకులు చల్లి వాటి మీద కరిగిన గాజు పోసిన పలక, ఇలా ఎన్నో రకాలు. ముఖాలకూ చేతులకూ మాత్రం అప్పటికీ కుంచె తప్పలేదు. మిగతా చోట్ల ఆకు ఈనె, రేకు నీడ, నీటి అల అన్నీ గాజులోనే దొరకాలి. కుంచె చేసే పనంతా కంటి మీద పడింది.

దీపానికి ముందు రంగుల చిత్రం, తర్వాత గొడుగు ఆకారంలో అచ్చు. దాని మీద గీతలు గీసి, ఒక్కో ముక్కకూ ఒక్కో మూస తీసి అంకె వేస్తారు. తర్వాత అసలు ఘట్టం, పలక ఎంచడం. మూసను పలక మీద జరుపుతూ పోతే, ఒకే పలకలో ఒక మూల పల్చటి నీలం, బెత్తెడు దూరంలో ఊదా. పూగుత్తి పై భాగానికి ఏది, కొసకు ఏది? గీత గీసి విరిచాక వెనక్కి తీసుకోలేం. విరిచిన అంచును పట్టకారుతో కొరికి సరిచేసి, చుట్టూ తేనెమైనం అంటించిన సన్నని రాగిరేకు పట్టీ చుడతారు. ముక్కలన్నిటినీ అచ్చు మీద పేర్చి టంకం పోస్తారు. టంకం గాజుకు అంటదు, రాగికి అంటుతుంది. ఈ కిటుకు వల్లే గోరంత ముక్కనూ, మెలికలు తిరిగిన ముక్కనూ పక్క ముక్కతో కలపగలిగారు. బండ సీసపు పట్టీలతో అది అయ్యే పని కాదు.

విస్టేరియా మన దగ్గర అరుదు. మన రేల చెట్టుకు పసుపు బదులు ఊదా గుత్తులు వేలాడుతున్నట్టు ఊహించుకోండి. 1901 ప్రాంతంలో క్లారా ఆ తీగను దీపంగా మార్చింది. ఒక్క గొడుగులో సుమారు 2000 గాజు ముక్కలు. పైన కంచు కొమ్మలు అల్లుకుని ఉంటాయి. అంచు గుండ్రంగా తెగదు, రేకులు ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ఎగుడుదిగుడు అంచే. అచ్చు ఒకటే అయినా ఏ రెండు దీపాలూ ఒకలా ఉండవు, ఎందుకంటే ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్లీ మొదటి నుంచీ ముక్కలు ఎంచాలి. తూనీగల దీపంలో తూనీగలు తల కిందికి పెట్టి రెక్కలు చాపి ఉంటాయి. రెక్కల గాజు మీద సన్నని లోహపు జాలీ, కళ్లకు గుండ్రటి గాజు పూసలు. 1900 పారిస్ ప్రదర్శనలో దానికి కాంస్య పతకం వచ్చింది.

ఆడవాళ్ల విభాగం పుట్టింది 1892లో, మగ పనివాళ్ల సమ్మె కాలంలో. ఆరుగురితో మొదలై రెండేళ్లకు ముప్పై అయిదుగురయ్యారు, అజమాయిషీ క్లారాది. పోటీ సహించలేక మగవాళ్ల సంఘం 1903లో మళ్లీ సమ్మెకు సిద్ధమైంది. విభాగం మూతపడలేదు గానీ, ఆడవాళ్ల సంఖ్య 27 దాటకూడదని రాజీ కుదిరింది. పని బాగా చేయడమే నేరమైన చోట ఆమె అన్నేళ్లు నిలబడింది. అలాగని టిఫనీని తక్కువ చేయనక్కర్లేదు. గాజు ఆయన కొలుముల్లోదే, ప్రతి డిజైనూ ఆయన సరే అంటేనే ముందుకు వెళ్లేది. రంగుల ఎంపికలో ఆడవాళ్లది మంచి కన్ను అని ఆయన గట్టిగా నమ్మాడు. అంత నమ్మినవాడు వాళ్ల పేర్లు కూడా నలుగురికీ చెప్పి ఉండాల్సింది.

1909లో క్లారా ఎడ్వర్డ్ బూత్‌ను పెళ్లి చేసుకుని చివరిసారిగా మానేసింది. తర్వాత పట్టు స్కార్ఫుల మీద రంగులు వేసేది. 1944లో కన్నుమూసింది. ఈలోగా అభిరుచులు మారాయి, 1932లో కంపెనీ దివాలా తీసింది. 1935లో ఈగన్ న్యూస్టాట్ అనే వైద్యుడు పాత సామాన్ల కొట్టులో ఒక టిఫనీ దీపాన్ని పన్నెండున్నర డాలర్లకు కొన్నాడు. 2018లో వేలానికి వచ్చిన తామరల దీపం ధర 33 లక్షల డాలర్లు దాటింది.

ఆ వైద్యుడు దీపాలతో ఆగలేదు. కార్ఖానా మూతపడ్డాక మిగిలిపోయిన గాజును కూడా కొన్నాడు. పలకలూ పూసలూ కలిపి రెండున్నర లక్షలకు పైగా ముక్కలు ఆయన సేకరణ పేరిట నేటికీ భద్రంగా ఉన్నాయి. చారలది, ముడతలది, పెంకులు చల్లినది, అన్ని రకాలూ ఉన్నాయి. ఎవరూ మూస పెట్టి చూడని గాజు అది.