థీసిస్ ఎక్కడ ఆగింది?

అంబేద్కర్ జయంతి సభల్లో ఆయన డిగ్రీలు వరసగా చదవడం మనకు రివాజు. కొలంబియా పీహెచ్.డి., లండన్ డి.ఎస్సీ. అనగానే చప్పట్లు మోగుతాయి. మేమూ కొట్టాం, ఇక ముందూ కొడతాం. అయితే ఆయన జీవిత కథల్లో చాలావరకు ఈ డిగ్రీల్ని ఒక అసాధారణ మేధావి పట్టుదలగా మాత్రమే చెప్తున్నాయి. ఆ చెప్పే తీరు మీదనే మా అభ్యంతరం. థీసిస్ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, మళ్ళీ ఎట్లా కదిలింది అనే ప్రశ్నలు అందులో పక్కకి పోతున్నాయి. పరిశోధన చేస్తున్న దళిత విద్యార్థులకు కావాల్సింది ఆ ప్రశ్నలే.

తేదీల్నే చూద్దాం. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ కొలంబియా వెళ్ళారు. 1915లో ఎం.ఏ. అయింది. 1916లో లండన్ చేరి అక్కడి ఎకనామిక్స్ స్కూల్లో పని మొదలుపెట్టారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరింది. పని నడిమధ్యలో వదిలి రావాల్సొచ్చింది. వేరే ఓడలో వేసిన పుస్తకాలు యుద్ధంలో ఆ ఓడతోపాటే మునిగాయి. బరోడాలో ఉద్యోగమైతే ఇచ్చారు గానీ, అంటరానివాడని తెలిశాక ఉండడానికి గది దొరకలేదు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడి దగ్గర అప్పు, ఇవన్నీ కలిస్తేనే 1920లో తిరిగి లండన్ వెళ్ళగలిగారు. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. రూపాయి సమస్య మీద 1922లో ఇచ్చిన డి.ఎస్సీ. థీసిస్‌ని పరీక్షకులు సవరించమన్నారు. బొంబాయి నుంచి మళ్ళీ పంపితే 1923 నవంబరులో ఆమోదించారు. కొలంబియా థీసిస్ 1925లో అచ్చయింది, 1927లో గానీ ఆ పట్టా రాలేదు.

ఇందులో తెలివి చాలక ఆగిన చోటు ఒక్కటైనా ఉందా? డబ్బు ఆపింది, యుద్ధం ఆపింది, కులం ఆపింది, పరీక్షకులు ఆపారు. అయినా ఇదే చరిత్రని చూపించి, “ఆయన అన్ని కష్టాల్లో రాయలేదా, మీకేం రోగం?” అని డిపార్ట్‌మెంట్లలో మమ్మల్ని అడుగుతున్నారు. ఒకడు ఈది ఒడ్డుకి చేరాడు కాబట్టి వరదే లేదన్నట్టుంది ఈ వాదన.

ఇంకో సంగతి కూడా జీవిత కథల్లో సరిగ్గా చర్చకు రాలేదు. రూపాయి థీసిస్ పుస్తకంగా వచ్చినప్పుడు గైడ్ ఎడ్విన్ కానన్ ముందుమాట రాస్తూ, ఆ వాదనలతో తనకున్న విభేదాన్ని దాచుకోలేదు. విభేదించాడు, అయినా ముందుమాట రాశాడు. మాకు తెలిసిన గైడ్లు విభేదాన్ని కాగితం మీద పెట్టరు. “సెంటిమెంటు ఎక్కువ, శాస్త్రీయత తక్కువ” అని నోటిమాటగా అని చాప్టర్‌ని నెలల తరబడి బల్లమీద ఉంచేస్తారు. మా వాడల సంగతి మేం రాస్తే సెంటిమెంటు, అదే సంగతి వాళ్ళు రాస్తే సోషియాలజీ! కాగితం మీద లేనిదానికి జవాబు ఎట్లా రాయాలి?

2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ మొదలయ్యాక మాలాంటి ఇళ్ళ నుంచి చాలామంది ఈ గడప తొక్కగలిగారు. కానీ డబ్బు మంజూరు కావడం వేరు, నెల నెలా చేతికి రావడం వేరు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్ బాకీ గురించి రాయాల్సొచ్చింది. ఇంటికాడ అమ్మ “ఇంకా ఎన్నేళ్ళు రాస్తావు బిడ్డా, ఆ పుస్తకం?” అని అడుగుతుంది. ఆమె అడిగింది బద్ధకం గురించి కాదు, తన కూలి డబ్బులు ఇంకెన్నాళ్ళు పంపాలనే లెక్క గురించి. మన థీసిస్‌ల కృతజ్ఞతల పేజీల్లో గైడ్ పేరు ముందుంటుంది, ఆ లెక్క మాత్రం ఎక్కడా ఉండదు.

అందుకే మేం అనేది ఒకటే. పూర్తయిన థీసిస్‌ల జాబితా లైబ్రరీల్లో ఉంది. పూర్తికాని వాటి జాబితా మనమే తయారు చేసుకోవాలి. ఏ చాప్టర్ దగ్గర ఆగింది, అప్పటికి ఫెలోషిప్ ఎన్ని నెలలు బాకీ, గైడ్ ఏమన్నాడు, రాసిచ్చాడా లేదా అని ప్రతి యూనివర్సిటీలో మనవాళ్ళు అడిగి రాయాలి. ప్రతి అభ్యంతరాన్నీ రాతపూర్వకంగా ఇమ్మని పట్టుబట్టాలి. బాబాసాహెబ్ డిగ్రీల్ని లెక్కపెట్టడంతోపాటు, ఆయన్ని ఆపినవాటిని కూడా లెక్కపెట్టడం నేర్చుకుంటే, మధ్యలో ఊరికి తిరిగిపోయిన మన పిల్లల్ని చేతకానివాళ్ళనడం మానేస్తాం.