తీర్చిన అప్పుకు కాగితమేది?

అప్పు పుట్టే రోజున మనవాళ్లు చూపే జాగ్రత్తకు వంక పెట్టలేం. అచ్చు ఫారం తెస్తారు, లేదంటే చేయి తిరిగిన దస్తూరి చేత రాయిస్తారు. బాకీదారు పేరు, తండ్రి పేరు, ఊరు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రొక్కం, నూటికి నెలకు ఎంత వడ్డీ, తమరు కోరినప్పుడు తమకు గాని తమ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలనన్న హామీ, ఒక్కటీ వదలరు. కింద రూపాయి రెవిన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, పక్కన వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. ప్రామిసరీ నోటుకు సాక్షులుండాలని చట్టంలో లేదు, అయినా పెడతారు. ఇక అదే అప్పు తీరే రోజు చూడండి. డబ్బు లెక్కపెట్టి తీసుకుంటారు, కాఫీ ఇస్తారు, నోటు బీరువాలో ఎక్కడో ఉంది, రేపు వెతికి ఇస్తాలే అంటారు. ఇచ్చినవాడు తలూపి వెళ్లిపోతాడు. మన కోర్టుల్లో నలిగే చేబదుళ్ల దావాల్లో చాలావాటికి మూలం ఈ రెండో రోజేనని నా నమ్మకం. అప్పు ఇవ్వడానికి కాగితం ఎంత అవసరమో తీర్చడానికి అంతకంటే ఎక్కువ అవసరం. ఇది మంచీ మర్యాదల సంగతి కాదు. చట్టం బరువు ఎటు మొగ్గి ఉందో చూస్తే ఎవరికైనా ఇలాగే అనిపిస్తుంది.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 118వ సెక్షన్ ఉంది. నోటు మీద సంతకం తనదేనని బాకీదారు ఒప్పుకున్నా, అతను కాదన్నప్పుడు అవతలివాళ్లు రుజువు చేసినా, ఆ నోటు తాలూకు డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకోవాలి. ఆ భావనను తిప్పికొట్టవచ్చు, కాని ఆ భారం సంతకం చేసినవాడిదే. 20వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే లెక్క. స్టాంపు విలువకు సరిపడే మొత్తం దాకానే నింపుకోవాలన్న పరిమితి అందులో ఉన్న మాట నిజం. కాని కోరినప్పుడు చెల్లించే నోటుకు సుంకం ఎంత పెద్ద మొత్తానికైనా రూపాయి దాటదు. అంటే ఆ రూపాయి స్టాంపు పదివేలకూ సరిపోతుంది, పది లక్షలకూ సరిపోతుంది. పరిమితి పేరుకే మిగిలింది. ఇలాంటి కాగితం ఎదురుగా ఉండగా బాకీదారు బోనెక్కి ‘ఇచ్చేశానండి’ అంటే కోర్టు వినదని కాదు, నోటి సాక్ష్యంతోనూ చెల్లింపును రుజువు చేసుకోవచ్చు. కాని తీర్చానన్నవాడే తీర్చినట్టు చూపాలి. నాలుగేళ్ల కిందటి ఒక సాయంత్రం ఎవరి ఎదుట ఎంత ఇచ్చాడో చెప్పడానికి సాక్షిని వెతుక్కోవాలి, ఆ సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తడబడకుండా నిలవాలి. అవతలివైపున మాత్రం ఒక్క కాగితం చాలు.

నోటు వెనక చెల్లు రాస్తూనే ఉన్నాం కదా, ఇంకేం కావాలి అనేవాళ్లున్నారు. ఇక్కడే అసలు కిటుకుంది, కాస్త నిదానంగా చూడాలి. కోరినప్పుడు చెల్లించే నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేళ్లే గడువు. అది దాటితే, బాకీదారు ఆ వాదన ఎత్తకపోయినా, కోర్టే చూసి దావా కొట్టేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. ఆ గడువు తీరకముందే బాకీలో కొంత చెల్లించి, ఆ సంగతి బాకీదారు చేతిరాతలో గాని అతని సంతకంతో గాని కాగితం మీదికి ఎక్కితే, ఆ చెల్లింపు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. అది 19వ సెక్షన్. అందుకే మూడో ఏడు ముగిసే వేళకు షావుకారు కబురుపెట్టి, వందో రెండొందలో చెల్లు వేయించుకుంటాడు. అందులో తప్పేమీ లేదు, అది ఆయన హక్కు. కాని ఆ చెల్లు ఎవరి చేతిలో ఉండిపోతుంది? నోటుతోపాటు షావుకారు దగ్గరే. సంతకం ఎవరిది? బాకీదారుది. బాకీని బతికించడానికి రాసిన రాత అది. బాకీదారుకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు కాగితం, అంటే షావుకారు సంతకంతో తన చేతిలో ఉండే రసీదు. మన అలవాట్లలో మొదటిది పాతుకుపోయింది, రెండోదానికి చోటే లేదు. దీని నష్టం షావుకారుకూ తప్పదు. గడువు దగ్గరపడ్డాక వేసిన చెల్లు మీద సంతకం నాది కాదని బాకీదారు అడ్డం తిరిగితే, అదే తేదీన తాను ఇచ్చిన రసీదు నకలు తన దగ్గర ఉన్నా ఎంతో కొంత ఆసరా అయ్యేది. అది లేదు కనుక దావా కాస్తా చేతిరాత నిపుణుల దాకా వెళుతుంది.

మోసం చేసేవాళ్లను పక్కన పెట్టి, ఇద్దరూ నిజాయితీపరులే అనుకుందాం. లక్ష రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. సరిగ్గా ఏడాదికి బాకీదారు నలభై వేలు తెచ్చి ఇచ్చాడు. అసలులో నలభై పోయింది, అరవై మిగిలింది, వడ్డీ సంగతి చివర్లో చూసుకుందాం అని అతని లెక్క. షావుకారు లెక్క వేరు. ఏడాది వడ్డీ 24,000 ముందు పోవాలి, మిగిలిన 16,000 అసలులో తగ్గితే 84,000 నిలుస్తుంది. మరో ఏడాది గడిచాక చూస్తే బాకీదారు లెక్కలో 98,400, షావుకారు లెక్కలో 1,04,160. మధ్యలో 5,760 రూపాయల తేడా, దాని వెంట మాటా మాటా. వేరే ఒప్పందం లేనప్పుడు జమ ముందు వడ్డీకే పోతుందన్నది పాత సూత్రం. 1921లో మన అప్పారావు జమీందార్ల వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాటనే కోర్టులు ఈనాటికీ ఉదహరిస్తుంటాయి. కనుక చట్టప్రకారం షావుకారు లెక్కే నిలుస్తుంది. అయితే డబ్బు చేతులు మారిన రోజున ‘అసలు కింద’ అన్న రెండు మాటలు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి ఉంటే బాకీదారు లెక్కే నిలిచేది. రెండు మాటల మీద ఇంత ఆధారపడి ఉందని చాలామందికి తెలియదు.

నోటుకు తోడు చెక్కు కూడా పుచ్చుకోవడం ఈమధ్య మామూలైపోయింది. షూరిటీగా అంటారు, సంతకం తప్ప అందులో ఏమీ ఉండదు. ఇలా ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కుకు కూడా, బాకీ కిందే ఇచ్చారన్న చట్టభావన వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. చెక్కు బౌన్సయితే అది సివిల్ తగాదాగా మిగలదు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. అప్పు తీర్చిన రోజున చాలామంది నోటు వెనక్కి తీసుకుని, అక్కడే చించేసి, గండం గడిచిందనుకుంటారు. చెక్కు మాట గుర్తుకు రాదు. 2022లో సుప్రీంకోర్టు మంచి తీర్పే ఇచ్చింది. చెక్కు ఇచ్చాక బాకీలో కొంత తీరిపోయి ఉంటే, ఆ సంగతి 56వ సెక్షన్ ప్రకారం చెక్కు మీదే రాసి మిగతా మొత్తానికే బ్యాంకులో వేయాలి, అలా రాయకుండా మొత్తానికి వేసి బౌన్సయితే అది 138 కింద నేరం కాదు అని. బాకీదారుకు ఇది పెద్ద రక్షణ. కాని కొంత తీరిందని చూపాల్సింది ఎవరు? మళ్లీ ఆ రసీదు లేని మనిషే.

బావమరిది దగ్గర తెచ్చుకున్న డబ్బుకు రసీదు అడిగితే ఏమనుకుంటాడు, చుట్టరికం చెడదా అన్న అభ్యంతరం బలమైనదే. నేను దాన్ని కొట్టిపారేయను. మన ఊళ్లలో సగం వ్యవహారాలు నమ్మకం మీదే నడుస్తున్నాయి, నడవాలి కూడా. కాని ఆ బావమరిది అప్పిచ్చిన రోజున నోటు రాయించుకున్నాడు కదా, అప్పుడు చెడని చుట్టరికం తీర్చిన రోజున రసీదుతో ఎందుకు చెడాలి? ఇంకో సంగతి. నోటుకు మనిషికంటే ఆయుష్షు ఎక్కువ. షావుకారు పోతే బీరువాలో దొరికిన నోటు పిల్లల చేతికొస్తుంది. నాన్న డబ్బు ముట్టిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది? వాళ్లు అబద్ధమాడరు, చేతిలో ఉన్న కాగితాన్ని నమ్మి దావా వేస్తారు. బాకీదారు పోతే, అతని వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకు ఆ బాకీకి జవాబుదారీ. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉన్న ఇద్దరూ పోయాక, ఆ నమ్మకాన్ని ఎన్నడూ చూడని నలుగురు కోర్టు వరండాలో నిలబడతారు.

దీనికంటే కష్టమైన అభ్యంతరం ఇంకోటి ఉంది. అవసరానికి చేయి చాపినవాడు రసీదు అడిగే స్థితిలో ఉంటాడా? 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులు ఎలా ఉరితాళ్లయ్యాయో రాష్ట్రమంతా చూసింది. అక్కడ రసీదు అడగమని సలహా చెప్పడం అన్యాయమే, ఆ చోట పోలీసులూ ప్రభుత్వమూ కదలాలి. మామూలు అప్పుల్లో మాత్రం ఒక తేడా గమనించాలి. పుచ్చుకునే రోజున బాకీదారు బలహీనుడు. తీర్చే రోజున డబ్బు అతని చేతిలో ఉంది, ఎదుటివాడు చేయి చాపుతున్నాడు. ఆ కాసేపు చట్టం కూడా అతని పక్షానే ఉంది. బాకీ అడిగినప్పుడు డబ్బిచ్చే ముందు నోటు చూపించమనే హక్కు, ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకునే హక్కు, నోటు పోయిందంటే దాని మీద ఇకముందు ఏ పేచీ వచ్చినా తనదే పూచీ అని రాయించుకునే హక్కు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 81వ సెక్షన్ ఇచ్చింది. అడిగితే స్టాంపు రసీదు ఇవ్వడం డబ్బు పుచ్చుకున్నవాడి విధి అని 1899 నాటి స్టాంపు చట్టం చెబుతుంది, కాదంటే జరిమానా కూడా పెట్టింది. నూరేళ్లు దాటిన ఈ హక్కుల గురించి మన బడుల్లో ఒక్క ముక్క చెప్పరు. ‘నోటు రేపు ఇస్తా’ అన్నవాడికి ‘డబ్బు కూడా రేపే తెస్తా’ అని మర్యాదగా చెప్పడానికి ఈమాత్రం తెలిస్తే చాలు.

ఇప్పుడంతా ఫోన్‌లోనే పంపుతున్నాం, బ్యాంకు లెక్కే రసీదు కదా అంటారు కుర్రవాళ్లు. సగం ఒప్పుకుంటాను. ఇరవై వేలూ ఆపైన అప్పును నగదుగా పుచ్చుకోకూడదనీ, నగదుగా తీర్చకూడదనీ ఆదాయపు పన్ను చట్టంలో, కొన్ని మినహాయింపులతో, ఎలాగూ ఉంది. బ్యాంకు ద్వారా వెళ్లిన డబ్బును పుచ్చుకోలేదని ఎవరూ అనలేరు. కాని ఎందుకు పుచ్చుకున్నారో అది చెప్పదు. ఒకే మనిషి దగ్గర నోటు బాకీ, ఎరువుల ఖాతా, చీటీ వాయిదా మూడూ ఉన్నవాళ్లు పల్లెల్లో ఎందరో. ఫలానా బాకీకి అని చెప్పకుండా డబ్బు పంపితే, దాన్ని తనకు నచ్చిన న్యాయమైన బాకీలో, ఆఖరికి కాలదోషం పట్టిన బాకీలోనైనా సరే, జమ కట్టుకునే స్వేచ్ఛ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ షావుకారుకు ఇచ్చింది. కనుక డబ్బు పంపేటప్పుడు అక్కడున్న ఖాళీలో నోటు తేదీ వేసి, ఆ బాకీ కింద అని రాయాలి. వెంటనే ‘ముట్టింది, ఇంకా ఇంత ఉంది’ అని అవతలి నుంచి వాట్సాప్ జవాబు రప్పించుకోవాలి. ఆ జవాబు కూడా, చట్టం కోరే సర్టిఫికెట్‌తో దాఖలు చేస్తే, సాక్ష్యమే.

ప్రామిసరీ నోటు ఫారాలు అచ్చు వేసేవాళ్లు ప్రతి నోటు వెంట ఒక చెల్లు రసీదు కాగితాన్ని కూడా అచ్చు వేసి అమ్మితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందులో పెద్ద రాతలేం అక్కర్లేదు. ఫలానా తేదీన ఫలానావారు నాకు రాసిచ్చిన ఇంత రూపాయల నోటు బాపతు, అసలు కింద ఇంత, వడ్డీ కింద ఇంత, ఈ రోజు ముట్టినది, ఇక రావలసినది ఇంత, లేదా ఏమీ లేదు. ఆ నోటుతోపాటు పుచ్చుకున్న ఫలానా నంబరు చెక్కు తిరిగి ఇచ్చివేసితిని. కింద పుచ్చుకున్నవాడి సంతకం, తేదీ. మొత్తం 5,000 దాటితే రూపాయి రెవిన్యూ స్టాంపు. స్టాంపు లేని ప్రామిసరీ నోటును ఎంత జరిమానా కడతానన్నా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. రసీదు విషయంలో చట్టం అంత కఠినంగా లేదు, స్టాంపు లేకపోయినా ఒక రూపాయి జరిమానాతో దాన్ని స్వీకరిస్తుంది. కాబట్టి ఇంట్లో స్టాంపు లేదన్న సాకుతో ఆ రాత రేపటికి వాయిదా వేయాల్సిన పనిలేదు.