తీసివేతతో వెలసిన గుడి

కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వచ్చేవాళ్లలో చాలామంది కింది అంతస్తును ఒక చూపు చూసి మెట్లెక్కేస్తారు. పైన శయనించిన అనంతపద్మనాభస్వామిని చూడాలన్న తొందర వాళ్లది. ఈ గుడి ఎలా తయారైందో తెలియాలంటే మాత్రం, పని సగంలో ఆగిపోయిన ఆ కింది అంతస్తులోనే కాసేపు నిలబడాలి.

మామూలు గుడి రాయి మీద రాయి పేరిస్తే లేస్తుంది. గుహాలయం, కొండలోంచి అక్కర్లేని రాయి తీసేస్తే మిగులుతుంది. అందుకే పని వరస తలకిందులు. ముందు కొండ ముఖాన్ని నిలువుగా చెక్కి చదును చేసేవారు. స్తంభాలు ఎక్కడ రావాలో గుర్తులు పెట్టుకుని, కప్పు దగ్గర మొదలుపెట్టి బావి తవ్వినట్టు కిందికి దిగేవారు. కాళ్ల కింది రాయే శిల్పికి పరంజా. మధ్య రాతిలో గాళ్లు కొట్టి, దిమ్మెలుగా విడదీసి, వాటిని పగలగొట్టి బయటికి చేరవేసేవారు. మోటు పని ముగిశాకే సన్న ఉలి చేతికొచ్చేది.

ఇక్కడ స్తంభమంటే తవ్వకుండా వదిలేసిన కొండే. ఎంతెంత దూరంలో వదలాలి, ఎంత లావున వదలాలి అన్నది మొదటి దెబ్బకు ముందే తేలాలి. వదలాల్సిన చోట ఉలి దిగిందా, పోయిన రాయి తిరిగి రాదు. అంత జాగ్రత్త అవసరమైన పనిలోనూ శిల్పులు అందం మరువలేదు. స్తంభాన్ని అడుగునా పైనా చదరంగా ఉంచి, నడుమ అంచులు కోసి ఎనిమిది పలకలు తేల్చారు. నాలుగు అంతస్తులూ మెట్లు మెట్లుగా వెనక్కి జరుగుతూ కొండవాలునే గోపురంలా మలిచాయి.

ఈ గుహలను కొందరు పండితులు 4, 5 శతాబ్దాల నాటివని, విష్ణుకుండిన రాజుల కాలపు పని అని అంటారు. మరికొందరు 7వ శతాబ్దం దాకా తెస్తారు. ఆ 7వ శతాబ్దంలోనే తమిళదేశంలో పల్లవ మహేంద్రవర్మ, ఇటుక, కలప, లోహం, సున్నం లేకుండా త్రిమూర్తులకు గుడి చేయించానని మండగపట్టు శాసనంలో గర్వంగా చెప్పుకున్నాడు. కట్టడమంటే చెక్కా ఇటుకా అనుకునే రోజుల్లో అక్కడ అది నిజంగా కొత్త సాహసం. ఉండవల్లి ఎదుటి ఒడ్డున మొగల్రాజపురం గుహలున్నాయి. కృష్ణకు రెండు వైపులా ఈ విద్య సాగిందన్నమాట.

ఇదంతా చూశాక పైకెక్కితే స్వామి మరోలా కనిపిస్తాడు. కట్టిన గుళ్లలో విగ్రహాన్ని వేరే చోట చెక్కి తెచ్చి గర్భగుడిలో ప్రతిష్ఠిస్తారు. ఇక్కడ స్వామి, ఆయన పవళించిన శేషుడు, వెనుక గోడ, తల మీది కప్పు అంతా ఒకే రాయి. ఇల్లు కట్టి దేవుణ్ని తీసుకురాలేదు. కొండలోనే ఇంటినీ దేవుణ్నీ కలిపి తేల్చారు. ఉండవల్లి విలువ అదే. దాన్ని కాపాడటంలోని కష్టమూ అదే. కట్టిన గుడిలో రాయి పగిలితే మరో రాయి పెట్టవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. స్తంభం మీద మేకుతో పేరు గీసే కుర్రాడు చేసేదీ తీసివేతే; అయితే శిల్పి తీసింది గుడి కోసం, వీడు తీసేది గుడిలోంచి.