గజాల్లో లేని దుకాణం

ఈ వారం హైదరాబాద్ పాతబస్తీలో, హరిబౌలి కిరాణా దుకాణంలో వంద గ్రాముల వాము కొన్నాను. నేనుండే చోటి నుంచి వాము కోసం అంత దూరం పోనక్కర్లేదు. సేటు పొట్లం కడుతుంటే చూడాలనిపించి పోయాను.

ఖాకీ కాగితం ముక్కను అరచేతిలో వంచి, వాము పోసి, అంచులు లోపలికి తోస్తాడు. పైన కొక్కేనికి వేలాడే ఉండలోంచి సుతిలి అందుకుని అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, ఆపైన ముడి. కత్తెర ఉండదు. దారాన్ని వేలికి మెలేసి ఆ మెలిక మీదే చటుక్కున లాగితే తెగిపోతుంది. ఆ పొట్లం సంచిలో ఎంత నలిగినా ఒక్క గింజ బయటికి రాదు. ప్లాస్టిక్ పాకెట్ల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు పాతదే, మళ్లీ చెప్పను. న్యూస్‌పేపర్ పొట్లం కడితే అచ్చు సిరా తినే వస్తువులకు అంటదా అని అప్పట్లో నన్ను నిలదీసిన పాఠకులకు మాత్రం ఒక మాట. తిండి వస్తువుల్ని న్యూస్‌పేపర్లో చుట్టొద్దని 2018లో నిబంధనలు వచ్చాక సేటు ఖాకీ కాగితానికి మారాడు. కట్టే చెయ్యి అదే.

పొట్లం అందుకుని తిరిగేసరికి గోడ మీద ఎర్రరంగు గీత కనబడింది. గీతకు రోడ్డు వైపున గల్లాపెట్టె, తరాజు, సేటు కూర్చునే బల్ల ఉన్నాయి. లోపలి వైపున మిగిలేది బియ్యం బస్తాల గది, అది కూడా సగమే.

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో ఈ దారినే రావాలి. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్... ఈ పేర్లన్నీ నడిచి నేర్చుకున్నవాణ్ణి నేను. అందుకు రోడ్డు 100 అడుగులు కావాలి, స్టేషన్ల దగ్గర ఇంకా ఎక్కువ. ఆ ఎర్ర గీత దానికోసమే. గజానికి 81,000 రూపాయల చొప్పున ఆస్తిదారులకు మొదటి చెక్కులు 2025 జనవరిలో ఇచ్చారు. ఇంటికి వస్తూ దారంతా ఈ కాలమ్‌కి వాక్యాలు పేర్చుకున్నాను. ఈ ఒక్క దుకాణాన్నైనా గీత తప్పించాలని, పాత బజారును మింగే అభివృద్ధి మనకెందుకని, సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వస్తుందన్న రోజుల్లో రాసినట్టే రాయాలనుకున్నాను. ఆ కోపం ఎక్కడిదో చెప్పాలంటే 1990కి పోవాలి.

ఆ డిసెంబరులో పాతబస్తీలో గొడవలు, కర్ఫ్యూ. నాకు పదమూడేళ్లు. నాన్న అఫ్జల్‌గంజ్‌లో పుస్తకాల బైండింగ్ చేసేవాడు. వారం వారం కూలీ, పని లేకపోతే అది కూడా లేదు. మూడో రోజుకు ఇంట్లో బియ్యం డబ్బా అడుగు గీరిన చప్పుడు నాకింకా గుర్తే. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఇదే దుకాణం వెనక గల్లీకి పోయింది. ముందు తలుపు మూసే ఉంది. ఇప్పటి సేటు వాళ్ల నాన్న, మేము పెద్ద సేటు అనేవాళ్లం, వెనక గడప మీద తరాజు వేలాడదీసుకుని కూర్చున్నాడు. గల్లీ పొడుగునా లైను. బురఖాలో ఉన్నవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఆయన పెట్టుకున్న లెక్క ఇది. ఇంటికి కిలో బియ్యం, పావు కిలో పప్పు, ఒక అగ్గిపెట్టె. అంతకు మించి ఎవరికీ లేదు. నోట్ల కట్ట చేత్తో పట్టుకుని ఒకాయన బస్తా మొత్తం అడిగాడు. "పైసలు తర్వాత సాబ్, ముందు లైన్ల నిలబడు" అన్నాడు పెద్ద సేటు, తల ఎత్తకుండానే.

మా వంతు వచ్చింది. అమ్మ సంచి చాపలేదు. రెండు నెలల ఉద్దెర అప్పటికే ఉంది. "పాత బాకీ..." అంది.

"బాకీ యాడికి పోతది చెల్లె. నువ్వు పోవు, నేను పోను."

ఎర్రగుడ్డ అట్ట పొడుగు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిల్ ముక్క. 'బైండింగాయన ఇల్లు' అని రాసి, కిందనే కిలో, పావు అని గీసుకున్నాడు. పక్కన తరాజు పట్టుకున్నది ఇరవై దాటిన ఆయన కొడుకు. ఈ వారం నాకు వాము కట్టింది అతనే. ఆ బాకీ ఉగాది దాటాక గానీ తీరలేదు. ఎప్పుడు తీరుస్తారని పెద్ద సేటు ఒక్కసారీ అడగలేదు.

అందుకే ఆ గీత చూసి నాకంత మండింది. రాసే ముందు సేటును అడగాలి కదా అని రెండ్రోజులకు మళ్లీ పోయాను. దుకాణం నిలబెట్టాలని రాస్తున్నానన్నా అన్నాను. ఆయన బెల్లం కొట్టే పని ఆపాడు.

"నీకు రాయనీకి మంచిగనే ఉంటది తమ్మీ. పొద్దుగాల ఆరింటికి షెట్టర్ ఎత్తితే రాత్రి పదింటికి దించుత. బిడ్డ పెండ్లినాడు గూడ ఒక పూట తెరిచిన. మోకాళ్లు వోయినయ్. కొడుకు కూసోనన్నడు, నేను గూడ కూసోమనలే. రైలు రానీ. గీడికెల్లి కొలువులకు పోయే పిల్లలు ఆటోలకు ఎంత వెడుతున్నరో నాకెరుక, నెలాఖరుకు నా తాననే గదా ఉద్దెర వెట్టేది. గని నా లెక్క నాకు తేలాలె. నోటీసు ఇంటాయనకొచ్చింది. నాకేమొచ్చింది?"

నేను పేర్చుకున్న వాక్యాలు ఒక్కటీ మిగల్లేదు. నగరంలో మెట్రో 2017లోనే పరుగు మొదలుపెట్టింది. 2020లో సుల్తాన్ బజార్ మీదుగా ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. బజారు చచ్చిపోతుందని నేను రాశాను, బజారు నిలిచే ఉంది. ఆగిన చోటి నుంచి ఇవతలి వాళ్లు ఇన్నేళ్లు ఆటోల్లో నలిగారు. రైలు రావాలి. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ ఇప్పుడు నమ్ముతున్నది ఇదే.

నాకు కనబడకుండా పోయింది సేటు అడిగిన ప్రశ్న. గజాల లెక్కలో ఇంటాయన ఉంటాడు. యాభై ఏళ్ల బేరం, ఊరందరి నమ్మకం, పావు కిలో పప్పు ఎవరికెప్పుడు ఆపకూడదో తెలిసిన బుద్ధి ఏ గజంలోకి వస్తాయి? చట్టం కిరాయిదారును పూర్తిగా మరవలేదు. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ బతుకుతెరువు పోగొట్టుకునే కుటుంబం కూడా బాధిత కుటుంబమే అంటుంది 2013 భూసేకరణ చట్టం. చిన్న వ్యాపారికి ఒక్కసారి ఇచ్చే సాయం కనీసం 25,000 రూపాయలు ఉండాలని దాని రెండో షెడ్యూలు. ఒక గజం ధరలో మూడో వంతు కూడా కాదు. కనీసం అన్నారు కాబట్టి ప్రభుత్వం పెంచొచ్చు, పెంచాలి. దుకాణాన్ని కాపాడమని అడిగే ఓపికంతా ఇక ఈ అంకె పెంచమని అడగడానికి పెడతాను.

అయితే మూడేళ్లుగా అక్కడే ఉన్నాడని చూపించాలి. కిరాయి కాగితం లేదు, వాళ్ల నాన్న కాలంలో నోటిమాటతో కుదిరిన కిరాయి. కరెంటు బిల్లు ఇంటాయన పేరు మీద. మరేముందన్నా అంటే ఆయన కాసేపు ఆలోచించి అటక వైపు చూశాడు. స్టూలెక్కి నేనే దించాను. ఎర్రగుడ్డ అట్టలే, సైజు కూడా మారలేదు. తారీఖులు వరుసగా ఉన్నాయి, ఒక్క రోజు తప్పలేదు. మూడేళ్లవి వేరు చేసి, జిరాక్స్ తీయించుకొస్తానన్నాను.

సేటు పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆపాడు. "పేర్లు కనవడకుంట తియ్యొస్తదా తమ్మీ? ఎవరికెంత బాకీ ఉన్నదో ఆఫీసోళ్లకెందుకు."

ఖాకీ కాగితం పొడుగు పట్టీలుగా చింపి ఒక్కో పేజీలో పేర్ల వరస మీద కప్పుతూ ఇద్దరం రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నాం. మధ్యలో ఎవరో పిల్ల వచ్చి చాయ్‌పత్తా అడిగితే లేచి పొట్లం కట్టిచ్చి, నాలుగో పుస్తకంలో రాసుకుని వచ్చాడు.