టెర్మినలు గుణదోషములు

1994లో సికింద్రాబాదున అమలైన ‘కన్సర్ట్’ రైలు రిజర్వేషను విధానమును వేగమునకే మెచ్చుకొనుట చాలదు. కాలువ నీరు పొలములకు వంతులవారీగా పారునట్లు, కేంద్ర గణనయంత్రము ప్రతి టెర్మినలుకు క్షణములో లేశమాత్రము కేటాయించును. యంత్రమంతయు తనకేయని ప్రతి గుమాస్తాకు తోచును. బెర్తుల పట్టిక ఒక్కటే. కావున ఒకే బెర్తు ఇద్దరికి పోదు. చిన్న ఊరికిని నగరముతో సమానమైన హక్కు కలుగును. ఇదియే దాని ఘనత.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు వచ్చినది 2016లో. పులివెందులకు రైలుమార్గమే లేదు. టెర్మినలుకు పట్టాలతో పని లేదు, తీగ చాలును. కాని దోషమును అచటనే యున్నది. పట్టిక దూరమున నుండుటచే, తీగ తెగినచో టెర్మినలు మూగవోవును. సమాన హక్కు తీగ నిలిచినంతవరకే.