రెండో సీసా

పదిమంది ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెడితే సగం అమ్మకం అయిపోయినట్టేనని మా వ్యాపారంలో ఒక మాట. హోటల్ హాళ్లలో జరిగే మీటింగుల్లో మైకు పట్టుకుని మరీ చెప్తుంటారు. ఆ పదిమందీ ఎవరింట్లో కూర్చున్నారు, చాప ఎవరు పరిచారు, కాఫీకి పాలు ఎవరు తెప్పించారు, ఆరుగురు కొంటే మిగతా నలుగురూ ఏ మొహంతో లేచిపోయారు అన్నది మాత్రం మైకులో వినపడదు.

నేనుండేది హిందూపురంలో. లోషన్లు, క్రీములు, లిప్‌స్టిక్‌లు, కాటుక, షాంపూలు, ఒక కంపెనీ సరుకు తెచ్చి ఇళ్లలో చూపించి అమ్ముతాను. ఊళ్లో అయితే ఆటో, పెనుకొండకో ధర్మవరానికో అయితే రైలు. మూడూళ్లూ ఒకే రైలుదారి మీద ఉండటం నాలాంటివాళ్లకు పెద్ద వసతి. ఈ పని గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "నెలకు ఎంత మిగులుతాదక్కా?"

ఒక సాయంత్రం లెక్క వేసి చూద్దాం. పదిమంది వచ్చారు, ఆరుగురు కొన్నారు, మొత్తం 2,400 రూపాయల సరుకు పోయింది. నూటికి 20 మార్జిన్ అనుకుంటే చేతికి 480. ఇల్లిచ్చినామెకు ఒక లోషనో సబ్బుల డబ్బానో పెట్టకుండా లేచి రాలేం, దానికి 150. రానూపోనూ 80. చేతుల మీద రాసి చూపించడానికి విప్పిన సీసాల్లో పోయింది 60. మిగిలింది 190. మూడు గంటలు గొంతు పోయేలా మాట్లాడితే 190. అందులో ఒకామె "జీతం పడినాక ఇస్తాలేక్కా" అందంటే ఆ 190 కూడా పుస్తకంలోనే ఉంటుంది.

అందుకే ఆ సాయంత్రం అమ్మకాన్ని నేను సంపాదన కింద కట్టను. అది పరిచయం. డబ్బు వచ్చేది రెండో సీసాతో. లోషన్ పెద్ద సీసా ఒక్క మనిషి వాడితే నెలకు అటూ ఇటూగా అయిపోతుంది, ఇంట్లో ఈడొచ్చిన ఆడపిల్లలు ఇద్దరుంటే పదిహేను రోజులకే అడుగంటుతుంది. ఎవరింట్లో ఎందరు వాడతారో కనుక్కుని రాసి పెట్టుకుంటే, అయిపోయే వారం ముందు ఒక వాట్సాప్ మెసేజ్ చాలు. ఈ రెండో సీసాకు కానుక లేదు, శాంపిల్ లేదు, చాప లేదు. మార్జిన్ మొత్తం మనదే. నాకు ఈ పని నేర్పింది కంపెనీ ఇచ్చిన రంగుల కేటలాగు కాదు, అరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్. అందులో ఏం ఉంటాయంటే: "పొడి చర్మం. గులాబి వాసన పడదు. కూతురు హాస్టల్లో, దసరాకు వస్తుంది. ఆయన ముందు రేటు చెప్పొద్దు."

ఈ ప్రాంతంలో ఏం అమ్ముడుపోతుందో కూడా కేటలాగు చెప్పదు. లిప్‌స్టిక్‌లను ట్రేలో ముందు వరసలో పెడతాం. అందరూ వాటినే ముట్టుకుంటారు, మూతలు తీసి చూస్తారు, పక్కామె పెదవులకు పెట్టి నవ్వుకుంటారు. చివరికి కొనేది కాళ్ల పగుళ్ల క్రీము. పాత అనంతపురం జిల్లా అంటే వానలు మొహం చాటేసిన నేల. గాలిలో తడి ఉండదు. కార్తీకం దాటితే హిందూపురంలో చలి బెంగళూరు చలికి తమ్ముడిలా వస్తుంది, మడమలు చెరువు మట్టిలా పగులుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో నా బ్యాగులో సగం మడమల సరుకే.

మూడూళ్ల కొనుగోలుదార్లూ మూడు రకాలు. హిందూపురంలో ఎక్కువమంది గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్లు. దొరికేది ఆదివారమే, డబ్బులు నెల మొదటి వారంలోనే. మాటలో తెలుగూ కన్నడమూ కలిసే ఉంటాయి కాబట్టి అమ్మేవాళ్లకూ రెండూ రావాలి. పెనుకొండ కథ వేరు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు, 2019లో పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక అద్దె ఇళ్ల ఊరైంది. తమిళనాడు నుంచి, కోస్తా నుంచి మొగుళ్ల ఉద్యోగాల కోసం వచ్చిన ఆడవాళ్లు అక్కడ నాకు ఎక్కువ. వాళ్లకు ఊళ్లో చుట్టాలు లేరు. క్రీముల కోసం కాదు, మనుషుల కోసం వస్తారు. ఫోన్‌పే అక్కడికక్కడే కొట్టేస్తారు. అక్కడి అమ్మాయి ఒకతె అడిగింది, "కొరియా కంపెనీ పక్కనే ఉంది గదక్కా, కొరియా క్రీములు మీకు తొందరగా దొరుకుతాయి గదా?" అని. అక్కడ తయారయ్యేది కార్లే తల్లీ అని చెప్పేసరికి చాప మీద అందరూ విరగబడి నవ్వారు.

ధర్మవరంలో మాత్రం అమ్మే పద్ధతే వేరు. మగ్గమున్న ఇంట్లో అమ్మకం పార్టీ పెడితే కూర్చునేది మగ్గం పక్కనే, ఇంకో గది ఉండదు. అలవాటు కొద్దీ ఒకామె చెయ్యి పట్టుకుని హ్యాండ్ క్రీము వేళ్లకు రాయబోతే గబుక్కున వెనక్కి లాక్కుంది. "వేళ్లకొద్దక్కా! మళ్లా కండెలు చుట్టాల. జిడ్డు తగిలితే పట్టుకు మరకైతాది." నిజమే, లేత రంగు పట్టు మీద నూనె మరక పడిందంటే ఆ చీర కూలికి కోత పడ్డట్టే. అప్పటినుంచి ధర్మవరంలో నేను చూపించేది మోచేతి లోపలి వైపు, మణికట్టుకు బాగా పైన. చూపించాక తుడవడానికి సంచిలో పాత నూలు గుడ్డ పెట్టుకుంటాను. అక్కడ హ్యాండ్ క్రీము రాత్రి పడుకునేముందు రాసుకోమని చెప్పి అమ్మాలి, పగలు వాడమంటే అమ్మలేం. ఇంకో సంగతి, అక్కడ పగుళ్ల క్రీము కొనేది ఆడవాళ్లే గానీ సగం సీసాలు మగవాళ్లకు. పొద్దస్తమానం గుంతలో కాళ్లు పెట్టి పలకలు తొక్కే మనిషి మడమలు ఎలా ఉంటాయో ఆ ఇంటి ఆడదానికి తెలుసు.

డబ్బులు మాత్రం చీర దిగి షావుకారు దగ్గరికి పోయినాకే. ఎప్పుడు దిగుతుందని నేను అడగను, మగ్గం మీద ఎంత నేశారో చూస్తే తెలిసిపోతుంది. బేరమూ గట్టిదే. "మాకు చీరకు ఇంత కూలి అని ఉంటాది, నీకు సీసాకు ఎంత?" అని మొహమ్మీదే అడుగుతారు. నేను చెప్పేస్తాను. దాస్తే వాళ్ల దగ్గర పని జరగదు. వాళ్లలో కొందరు ఇంట్లోనే చీరలు పెట్టుకుని ఫోన్లో ఫొటోలు పంపి అమ్మేవాళ్లు. వాళ్ల చీరల ఫొటోలు నా హిందూపురం గ్రూపులో, నా లోషన్ల ఫొటోలు వాళ్ల గ్రూపులో.

ఇదంతా కొత్త వ్యాపారమని అనుకునేవాళ్లు గాజుల మలారం చూడనివాళ్లు. భుజాన మలారం వేసుకుని గాజుల శెట్టి వీధిలోకి వస్తే ఏదో ఒక అరుగు మీద దించేవాడు. చుట్టూ ఆడవాళ్లు చేరేవాళ్లు. ఒకామె చేతికి ఎక్కిన రంగు చూసి ఇంకొకామె చెయ్యి చాచేది. శెనక్కాయ పంట ఇంటికొచ్చినాక డబ్బులు. అరుగు ఇచ్చినామె కూతురికి ఒక జత ఊరికే తొడిగేవాడు. నేను చేసేదానిలో దీనికి మించి ఏముంది? అమెరికాలో 1886లో డేవిడ్ మెకానెల్ అనే పుస్తకాల అమ్మకందారు గుమ్మం తీయించడానికి సెంటు శాంపిళ్లు ఇచ్చేవాడు, ఆడవాళ్లకు పుస్తకాల కన్నా సెంటే నచ్చిందని అదే వ్యాపారం పెట్టాడు. అదే తర్వాత ఏవన్ అయింది.

చాప మీద కూర్చోబెట్టే పద్ధతిని పెద్ద వ్యాపారంగా మలిచింది మాత్రం అదే అమెరికాలో బ్రౌనీ వైజ్ అనే ఆమె. టప్పర్‌వేర్ డబ్బాలు దుకాణాల్లో కదలడంలేదు, ఇళ్లలో మూత నొక్కి చూపిస్తే కదులుతాయని ఆమె చేసి చూపించింది. 1951లో కంపెనీ దుకాణాల అమ్మకమే మానేసి మొత్తం ఇళ్ల పార్టీల మీద పెట్టింది. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రం మీదికెక్కిన మొదటి ఆడమనిషి ఆమె. 1958లో కంపెనీ ఆమెను తీసేసింది, చేతిలో పెట్టింది సుమారు ఏడాది జీతం. మీటింగు హాళ్లలో ఆమె పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే కథ చివరిదాకా చెప్పాల్సి వస్తుంది కదా. ఆ ఏవన్, ఆ టప్పర్‌వేర్ రెండూ 2024లో అమెరికా కోర్టుల్లో దివాలా పిటిషన్లు వేశాయి.

ఆ హాళ్లలో చెప్పేది ఇంకొకటి: నీ కింద ఇద్దరు, ఆ ఇద్దరి కింద నలుగురు, నలుగురి కింద ఎనిమిదిమంది. బోర్డు మీద గీస్తే చూడముచ్చటగా ఉంటుంది. గీయడం మధ్యలో ఆపకుండా కిందికి పోనివ్వండి. పదిహేడు వరసలు కలిపితే రెండు లక్షల అరవై వేలు దాటుతుంది. 2011 జనాభా లెక్కల్లో హిందూపురం మొత్తం లక్షన్నర. పసిపిల్లలతో సహా ఊరంతా అమ్మేవాళ్లే అయితే కొనేదెవరు? సరుకు అమ్మి సంపాదించడం వేరు, మనుషుల్ని చేర్పించి సంపాదించడం వేరు. ఈ రెండూ కలిసిపోయినచోట మన రాష్ట్రం చాలా ముందే కేసులు చూసింది. 1978 నాటి మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కింద కేసు పెడితే ఆమ్వే అనే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ హైకోర్టుకు పోయింది, 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. 2014 మేలో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ ఇండియా అధిపతినే అరెస్టు చేశారు. తమది గొలుసు స్కీము కాదన్నది కంపెనీ వాదన. 2021 డిసెంబరులో కేంద్రం డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు తెచ్చి పిరమిడ్ స్కీములను నిషేధించింది. గుర్తింపు కార్డు లేకుండా, ముందు చెప్పకుండా కొనేవాళ్ల ఇంటికి పోకూడదని కూడా అందులోనే ఉంది. నాకు నచ్చిన రూలు అది. చెప్పకుండా పోతే మన ఊళ్లలో ఎవరూ వెళ్లగొట్టరు, కాఫీ ఇచ్చి, అక్కర్లేని సబ్బు ఒకటి కొని పంపిస్తారు. ఆమె రెండో సబ్బు మాత్రం ఎప్పటికీ కొనదు.

అదే కారణంగా పేరంటాల్లో నేను సంచీ విప్పను. శ్రావణ శుక్రవారం తాంబూలానికి వచ్చినామె ముందు ట్రే పెడితే కాదనలేదు. శనగలు ఒడిలో పెట్టుకుని డబ్బులు వెతుక్కుంటుంది. ఇది తప్పేమీ కాదనేవాళ్లు ఉన్నారు, బాగా అమ్ముతారు కూడా. నాకు మాత్రం అమ్మకానికి పిలిస్తే అమ్మకమనే చెప్పి పిలవాలి.

"ఇది రాస్తే తెల్లగా అయితానా?" ఏ ఊళ్లోనైనా ఈ ప్రశ్న తప్పదు. ఎక్కువగా అడిగేది పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్ల కాదు, పిల్ల తల్లి. 1975 నుంచి మన దేశంలో అమ్ముడుపోయిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది గానీ అడిగేవాళ్ల మాట మారలేదు. కాదు, తెల్లగా కావు, చర్మం పొడిబారకుండా ఉంటుంది అంతే అంటాను. అప్పుడు ఆ తల్లి సంచిలోంచి ఇంకో డబ్బా బయటికి వస్తుంది, బెంగళూరులో ఎవరో ఇచ్చినది. వారంలో తెలుపు అని దాని మాట. డబ్బా తిప్పి చూస్తే బ్యాచ్ నంబరు లేదు, తయారుచేసినవాళ్ల లైసెన్స్ నంబరు లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు. అలాంటి క్రీముల్లో పాదరసం ఉండే అవకాశం ఎక్కువ. మన కాస్మెటిక్స్ రూల్స్ ఇలాంటి క్రీముల్లో పాదరసం కలపడాన్ని ఒప్పుకోవు. కేరళలో మలప్పురం వైపు తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి 2023లో డాక్టర్లు బయటపెట్టారు. అది చెప్తే కొందరు డబ్బా పక్కన పెడతారు, కొందరు నా సరుకు అమ్ముకోవడానికి చెప్తున్నాననుకుంటారు. అనుకోనీ. నా సీసా అయినా సరే చెవి వెనక కొంచెం రాసి, ఒక రోజు ఆగి, మంట, దురద లేకపోతేనే కొనమంటాను. ఆ రోజు అమ్మకం పోతుంది, నిజమే.

ఈమధ్య కొత్త సంకటం ఫోను. నేను రేటు చెప్తుండగానే చాప చివర కూర్చున్న పిల్ల యాప్‌లో వెతికి, "అక్కా, ఇందులో నూరు తక్కువుంది" అంటుంది. దాచుకునేదేముంది, చాలాసార్లు ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ రేటుకు నేను ఇవ్వలేను. అక్కడే తెప్పించుకోమంటాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి పగటి వెలుతురులో ఏ షేడ్ ఆమెకు నప్పుతుందో చూపించి, ఆ నంబరు రాసుకోమంటాను. ట్యూబులైటు కింద చూసి కొంటే మోసపోతావని కూడా చెప్తాను. మొన్న పెనుకొండలో అలా రాసుకున్న పిల్ల లిప్‌స్టిక్ యాప్‌లోనే తెప్పించుకుంది. వాళ్లమ్మకు మాత్రం పగుళ్ల క్రీము నా దగ్గరే కావాలట, ఈ ఆదివారం రెండు పంపమంది.