ఆకుని దాచి పువ్వుని చూపే విద్య

విత్తనం కోసం ఉల్లి పెంచే రైతుకి ఈ పూత కొత్తేమీ కాదు. నిటారు కాడ కొసన వందల చిన్న పూలు గుండ్రంగా గుమిగూడి ఉంటాయి, చుట్టూ తేనెటీగల రొద. ఉల్లి, వెల్లుల్లి పుట్టిన అల్లియం ప్రజాతిలోనే, తినడానికి కాక కేవలం చూడడానికి పెంచే దాయాదులున్నాయి. ఇంగ్లండు తోటల్లో మే నెలాఖరు, జూన్ వీటిదే.

అన్నిటికంటే పొడవుగా పెరిగేవాటిలో అల్లియం గైగాంటియం ఒకటి. అయిదడుగుల కాడ మీద ఊదారంగు బంతి. దీని పుట్టిల్లు మధ్య ఆసియా. అక్కడ చలికాలం నేల గడ్డకడుతుంది, వేసవిలో మాడిపోతుంది. అందుకే వసంతంలో గబగబా ఆకేసి, పూసి, ఎండలు ముదరగానే గడ్డలోకి ముడుచుకుంటుంది. పెంచే పద్ధతంతా ఈ స్వభావాన్ని బట్టే. గడ్డల్ని సెప్టెంబరు నుంచి నవంబరులోపు, వాటి ఎత్తుకి మూడు రెట్ల లోతున నాటుతారు. పూర్తి ఎండ తగలాలి. బంకమట్టి అయితే ముతక ఇసుక కలపాలి, నీరు నిలిచిందా గడ్డ కుళ్ళిందన్నమాటే. పూత రావాలంటే వారాల తరబడి చలి తగలాలి కాబట్టి మన మైదానాల్లో దీనిమీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

అసలు చిక్కు ఆకులతో. పువ్వు విచ్చే వేళకి కింద ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. చూడలేక పచ్చగా ఉన్నప్పుడే కోసేస్తే వచ్చే ఏడు గడ్డకి బలం ఉండదు. కనుక కోయరు, దాస్తారు. గుబురుగా పెరిగే జెరేనియం, నెపెటా వంటి మొక్కల మధ్య నాటితే వాడిన ఆకులు వాటి చాటున పడతాయి, కాడలు మాత్రం పైకి లేస్తాయి. అల్లియం ఒంటరిగా బాగుండదు. పొరుగుని ఎంచడమే ఇందులో పనితనం.

ఆ పనితనానికి పేరుపొందిన చోటు గ్లాస్టర్‌షైర్‌లోని బార్న్‌స్లీ హౌస్. 2001లో కన్నుమూసిన తోటల రూపశిల్పి రోజ్‌మేరీ వేరీ అక్కడ లేబర్నమ్ చెట్లని దారికి ఇరువైపులా పందిరిలా వంచి పెంచింది. మన రేల పూలలాగే పసుపు గుత్తులు కిందికి వేలాడతాయి. వాటి నీడన ఊదా అల్లియంలు వరసగా పైకి లేస్తాయి. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది, రెండూ ఒకే సమయానికి పూస్తాయి. ఆ తర్వాత దీన్ని అనుకరించిన తోటలు ఎన్నో.

ఇప్పుడు మోజంతా పెద్ద బంతుల మీద. గ్లోబ్‌మాస్టర్ అనే సంకరం పువ్వు బాగా పెద్దది, గింజ కట్టదు కనుక ఎక్కువ రోజులు నిలుస్తుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. నన్నడిగితే మూడడుగుల పర్పుల్ సెన్సేషన్ రకం చాలు. చవక, పదీ ఇరవై గడ్డలు కలిపి నాటుకోవచ్చు. దాని గింజలు రాలి వాటంతటవే మొలుస్తాయి, కానీ వాటి రంగు తల్లి అంత చిక్కగా రాకపోవచ్చు. అది ఇష్టం లేనివాళ్ళు గింజ రాలకముందే తలలు కోసి, ఎండబెట్టి ఇంట్లో కూజాలో పెట్టుకుంటారు.